మొదటి పాత మైకు ఏది కొనాలి? షూర్ 55, ఆర్‌సీఏ 44, 77, బీబీసీ మార్కోని మధ్య ఎంపిక

రేడియో రాజ్యమేలిన రోజుల మైకు ఒకటి ఇంట్లో ఉండాలనుకునేవాళ్లు ఎక్కువగా ఆకారం చూసి మనసు పడతారు. అందులో తప్పేమీ లేదు, ఆ ఆకారాలు అంత అందమైనవి. కానీ డబ్బు చేతులు మారకముందే తేల్చుకోవాల్సిన విషయం ఇంకొకటి ఉంది. ఆ లోహపు గుల్ల లోపల శబ్దం ఏ పద్ధతిలో కరెంటుగా మారుతోంది? డెబ్బై ఎనభై ఏళ్ల తర్వాత ఆ మైకు ఇంకా పలుకుతుందా, పలకకపోతే బాగు చేయించుకోవచ్చా, మన ఎండకూ ఉక్కపోతకూ నిలుస్తుందా అన్నవన్నీ దాన్ని బట్టే ఉంటాయి.

నా సలహా ముందే చెప్పేస్తాను. మొదటి మైకుగా షూర్ 55ఎస్ కొనండి. ఆ కాలపు అసలు గొంతు వినాలని, దాంతో రికార్డింగ్ కూడా చేయాలని ఉండి, డబ్బు పెట్టగలిగితే అమెరికన్ కంపెనీ ఆర్‌సీఏ చేసిన 77-డీఎక్స్ తీసుకోండి. ఆర్‌సీఏ 44 వీటన్నిటికంటే గొప్పది, కానీ దానికి తగిన చోటూ ఓపికా ఉన్నవాళ్లకే అది. బీబీసీ మైకు మీద నాకు వేరే రకం ప్రేమ ఉంది, దాని గురించి కాస్త ఎక్కువే చెబుతాను.

లోపల ఏముంది

1920లలో రేడియో స్టేషన్లు మొదలైనప్పుడు వాడుకలో ఉన్నది ప్రధానంగా కార్బన్ మైకు. పలుచని పొర వెనక బొగ్గు రేణువులు ఉంటాయి. మాట తాకిడికి అవి దగ్గరపడి, దూరమై కరెంటును హెచ్చుతగ్గులు చేస్తాయి. గుండ్రటి రింగులో స్ప్రింగుల మధ్య వేలాడే మైకును పాత ఫోటోల్లో మీరు చూసే ఉంటారు, అది ఇదే. చూడ్డానికి దీన్ని మించింది లేదు. వినడానికి మాత్రం వెనకాల ఎప్పుడూ బుస్సుమనే శబ్దం ఉంటుంది. పైగా దానికి బ్యాటరీ కావాలి, రేణువులు కాలక్రమంలో గడ్డకడతాయి. కాబట్టి కార్బన్ మైకు కొంటే షోకేసు కోసమే కొనండి, పని చేస్తుందా అని బేరమాడకండి.

1931లో వెస్టర్న్ ఎలక్ట్రిక్ సంస్థ 618ఎ అనే డైనమిక్ మైకు తెచ్చింది. పొరకు అతికించిన సన్నటి తీగచుట్ట అయస్కాంతం మధ్య కదిలి కరెంటు పుట్టిస్తుంది. దీనికి బ్యాటరీ అక్కర్లేదు, గాలికీ కుదుపులకూ అంత తొందరగా పాడవదు. ఇప్పుడు సభల్లో వాడే చేతి మైకుల్లో ఎక్కువ భాగం ఈ పద్ధతిలో పనిచేసేవే.

దాదాపు అదే సమయంలో ఆర్‌సీఏ కంపెనీలో హ్యారీ ఓల్సన్ రిబ్బన్ మైకును స్టేషన్లకు పనికొచ్చే రూపంలోకి తెచ్చాడు. ఇందులో పొరా తీగచుట్టా రెండూ ఉండవు. బలమైన అయస్కాంతం మధ్య ముడతలు పెట్టిన అల్యూమినియం రేకు ఒకటి వేలాడుతుంది, అంతే. ఆ రేకు మందం రెండు మూడు మైక్రాన్లు. తల వెంట్రుక మందంలో ఇరవయ్యో వంతు కూడా ఉండదు. గాలిలో కదలికకు అంత సుకుమారంగా స్పందిస్తుంది కాబట్టే గొంతు అంత సహజంగా, మెత్తగా వినిపిస్తుంది. నోటితో ఒక్కసారి గట్టిగా ఊదితే సాగిపోయేదీ అందుకే.

క్రిస్టల్ మైకు మరో రకం. చవకగా తయారయ్యేది, హామ్ రేడియోవాళ్లూ (సరదాకు సొంత రేడియో సెట్లతో మాట్లాడుకునేవాళ్లు) సభలవాళ్లూ బాగా వాడారు. రోషెల్ లవణం అనే స్ఫటికం మీద ఒత్తిడి పడితే కరెంటు పుడుతుంది. ఈ లవణానికి తేమ పడదు, సుమారు 55 డిగ్రీల వేడి తగిలితే పాడైపోతుంది. మే నెలలో విజయవాడలో తలుపులు మూసి ఎండలో నిలిపిన కారులో అలాంటి మైకును మరచిపోతే ఏమవుతుందో వేరే చెప్పనక్కర్లేదు. ఒకసారి పాడైన స్ఫటికాన్ని బాగుచేయడం కుదరదు, మార్చాల్సిందే.

ఇక కండెన్సర్ మైకులున్నాయి, విద్యుత్తు నింపిన పలుచని పొర కదిలి సంకేతం పుట్టించేవి, లోపల పాత రేడియోల్లో ఉండే గాజు వాల్వు ఉన్నవి. 1949లో వచ్చిన నాయ్‌మన్ యు47 వీటిలో అందరికీ తెలిసిన పేరు. నిజమైన యు47 ధర పది వేల డాలర్లు సులువుగా దాటుతుంది. అందులోని వీఎఫ్14 వాల్వు తయారీ ఎప్పుడో ఆగిపోయింది, శబ్దం పట్టే క్యాప్సూల్‌లోని పాత పొరలు ఎండి పగులుతాయి. అది స్టూడియోల పెట్టుబడి. సరదాగా సేకరణ మొదలుపెట్టేవాళ్ల లెక్కలోకి రాదు, కాబట్టి దాన్ని ఇక్కడే వదిలేస్తున్నాను.

షూర్ 55, 55ఎస్: ఎందుకు ముందు ఇదే

షూర్ యూనిడైన్ 55 వచ్చింది 1939లో. బెంజమిన్ బావర్ అనే ఇంజినీరు ఒకే డైనమిక్ యూనిట్‌తో ముందు వైపు మాటను మాత్రమే పట్టుకుని వెనక నుంచి వచ్చేదాన్ని తగ్గించే ఉపాయం కనిపెట్టాడు. అంతకు ముందు ఆ పని చేయాలంటే రెండు యూనిట్లను ఒకే డబ్బాలో ఇరికించాల్సి వచ్చేది, మైకు పెద్దదీ ఖరీదైనదీ అయ్యేది. సభలో స్పీకరు శబ్దం మళ్లీ మైకులోకి దూరి కీచుమనడం ఈ మైకుతో బాగా తగ్గింది. అందుకే ఇది రేడియో స్టేషనుకే పరిమితం కాకుండా సభలకూ నాట్యశాలలకూ రాజకీయ వేదికలకూ పాకింది. 1993లో అమెరికా తపాలా శాఖ విడుదల చేసిన ఎల్విస్ ప్రెస్లీ బిళ్ల మీద ఉన్నదీ ఈ కుటుంబపు మైకే.

మొదటి 55 లావుగా ఉంటుంది. 1951లో అదే రూపాన్ని చిన్నది చేసి 55ఎస్ తెచ్చారు. మొదటిసారి కొనేవాళ్లకు 55ఎస్ మేలని నేను అనడానికి కారణాలున్నాయి. అది వేల సంఖ్యలో తయారైంది, కాబట్టి దొరుకుతుంది. పనిచేసే స్థితిలో ఉన్నది సాధారణంగా ఒకటి నుంచి మూడు వందల డాలర్ల మధ్యలో వస్తుంది. డైనమిక్ కాబట్టి తేమకూ ప్రయాణానికీ ఓర్చుకుంటుంది. దాని ఇంపెడెన్స్ (కరెంటుకు మైకు చూపే అడ్డు, కలిపే పరికరానికి అది సరిపోవాలి) మార్చుకునే స్విచ్ ఉన్నవి చాలానే కనిపిస్తాయి, అందువల్ల పాత యాంప్లిఫయరుకైనా ఇప్పటి మిక్సరుకైనా కలపవచ్చు. లావు 55లో మాత్రం 55ఎ, 55బి, 55సి అని మోడలును బట్టి ఇంపెడెన్స్ వేరుగా ఉంటుంది. ఇప్పటి మిక్సరుకు కలపాలనుకుంటే హై ఇంపెడెన్స్ రకమైన 55సి జోలికి పోకండి. షోకేసుకైతే ఏదైనా ఒకటే.

గుర్తుపట్టడం ఎలా? పాత 55ఎస్ అడుగున కేబుల్ తగిలించే చోట పాతరకం ఆంఫినాల్ కనెక్టర్ ఉంటుంది. దాని కేబుల్ ఇప్పుడు విడిగా వెతుక్కోవాల్సి రావచ్చు, కాబట్టి కేబుల్‌తో సహా అమ్మేవాళ్ల దగ్గర కాస్త ఎక్కువ ఇచ్చినా నష్టం లేదు. అడుగున ఇప్పటి మైకుల్లో ఉండే మూడు పిన్నుల ఎక్స్‌ఎల్‌ఆర్ కనెక్టర్ ఉంటే అది తర్వాతి కాలపు 55ఎస్‌హెచ్ అయ్యుండాలి. 55ఎస్‌హెచ్‌ను షూర్ తర్వాతి దశాబ్దాల్లోనూ తయారుచేస్తూ వచ్చింది. మంచి మైకే, కానీ దాన్ని 1950ల నాటిదని అమ్మజూపితే అక్కడి నుంచి కదిలిపోండి.

గ్రిల్ వెనక ఉన్న పాత స్పాంజి నల్లటి పొడిగా రాలుతుంటే భయపడకండి. వయసు వచ్చిన ప్రతి 55లోనూ అది జరిగేదే, మార్చుకోవచ్చు. పోతపోసిన డబ్బా పగుళ్లు మాత్రం మార్చలేరు. క్రోమ్ మీద పొక్కులు లేచి కింది లోహం కనిపిస్తుంటే ధర తగ్గించి అడగండి, కానీ మళ్లీ పూత వేయించే ఆలోచన పెట్టుకోకండి. కొత్త క్రోమ్ వేసిన పాత మైకు చరిత్ర తెలిసినవాళ్ల కళ్లకు కొత్త సామానులా కనిపిస్తుంది, విలువా తగ్గుతుంది.

ఆర్‌సీఏ 44-బీఎక్స్ కావాలా, 77-డీఎక్స్ కావాలా

ఈ సేకరణలో అసలైన చర్చ ఇక్కడే. రెండూ రిబ్బన్ మైకులే, రెండూ ఒకే కంపెనీవి. కొన్నాక మాత్రం రెండూ రెండు దార్లలో నడుస్తాయి.

44 వరుస 1930ల మొదట్లో మొదలై 44-బీఎక్స్‌తో 1955 దాకా సాగింది. పైన వాలు కోణాలు, అడ్డంగా చిన్న చిన్న రంధ్రాలున్న గ్రిల్, ముందు ఆర్‌సీఏ పలక. అమెరికన్ రేడియో అంటే చాలామంది కళ్ల ముందు మెదిలేది ఇదే. ముందు నుంచీ వెనక నుంచీ వచ్చే మాటను సమానంగా పట్టుకుంటుంది, పక్కల నుంచి వచ్చేదాన్ని దాదాపు వదిలేస్తుంది. రేడియో నాటకాలవాళ్లు ఈ లక్షణాన్ని ఎంత తెలివిగా వాడుకున్నారో తెలిస్తే ముచ్చటేస్తుంది. ఇద్దరు నటులు మైకుకు చెరో వైపు నిలబడి ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ సంభాషణ చెప్పేవారు. ఒక పాత్ర దూరంగా వెళ్లిపోతున్నట్టు వినిపించాలంటే ఆ నటుడు రెండడుగులు పక్కకు, మైకు వినని వైపుకు జరిగితే చాలు. శబ్దం దానంతటదే మాసిపోయేది, ఏ మీటా తిప్పనక్కర్లేదు.

ఇంకో లక్షణం, దగ్గరకు వచ్చి మాట్లాడితే గొంతులో కింది స్వరాలు బాగా పెరుగుతాయి. ఆ కాలపు వ్యాఖ్యాతల గంభీరమైన గొంతుల్లో కొంత భాగం వాళ్లదైతే కొంత భాగం ఈ రేకుది. మెల్లగా, చెవిలో చెప్పినట్టు పాడే గాయకుల శైలికి కూడా ఇలాంటి మైకే దారి వేసింది. అంతకు ముందు వేదిక మీద గొంతెత్తి పాడితే తప్ప వెనక బెంచీకి వినపడేది కాదు.

ఇంత చెప్పాక 44ను ఎందుకు మొదటి ఎంపిక చేయనంటే, బరువు ఒక కారణం. దాదాపు నాలుగు కిలోలు. మామూలు స్టాండు మీద పెడితే ఒరిగిపోతుంది, గట్టి ఇనుప అడుగున్న స్టాండు కావాలి. ధర మరో కారణం. సరైన స్థితిలో ఉన్నది రెండు మూడు వేల డాలర్లు, ఇంకా పైకి. మూడోది దాని రేకు పెద్దది, వదులుగా కట్టినది. అంటే ఫ్యాను గాలి కూడా దానికి ముప్పే. మన ఇళ్లలో ఏప్రిల్ నుంచి జూన్ దాకా ఫ్యాను ఆపి ఎవరుంటారు?

77-డీఎక్స్ సంగతి వేరు. 77 వరుస కూడా 1930లలోనే మొదలైంది కానీ అందరికీ తెలిసిన డీఎక్స్ మోడలు 1954లో వచ్చి 1970ల మొదట్లో ఆగింది. రెండు చివరలా గుండ్రంగా, మందు క్యాప్సూల్ ఆకారంలో ఉంటుంది. అమెరికన్ వ్యాఖ్యాత లారీ కింగ్ టీవీ కార్యక్రమంలో బల్ల మీద ఏళ్ల తరబడి కనిపించింది ఈ ఆకారమే. అక్కడ అది అలంకారానికే ఉండేది, అయినా రేడియో అనగానే ఏ రూపం గుర్తుకు రావాలో ఎంచుకున్నవాళ్లకు బాగా తెలుసు.

ఇందులో అసలు అందం వెనక ఉన్న చిన్న స్క్రూలో ఉంది. రిబ్బన్ వెనక భాగం ఒక వంకర మార్గం ఉన్న గదిలోకి తెరుచుకుంటుంది. ఆ దారిని ఎంత తెరవాలో, ఎంత మూయాలో ఒక చిన్న మూత నిర్ణయిస్తుంది. స్క్రూ తిప్పితే ఆ మూత కదిలి మైకు వినే దిశ మారుతుంది. ఒకవైపు మాత్రమే, రెండు వైపులా, అన్ని వైపులా, మధ్యలో ఎన్ని మెట్లయినా. కరెంటూ వాల్వూ లేకుండా కేవలం గాలి నడిచే దారిని మార్చి ఈ పని చేయించారు. అడుగున ఇంకో స్విచ్ ఉంటుంది, సంగీతానికి ఎమ్, మాటకు వీ1, వీ2. దగ్గరగా మాట్లాడేటప్పుడు ఉబ్బిపోయే కింది స్వరాలను వీ స్థానాలు కోసేస్తాయి. పాడ్‌కాస్ట్ చేసేవాళ్లకు ఆ స్విచ్ ఇవాళ కూడా అక్కరకు వస్తుంది.

బరువు కిలోన్నర లోపే. ఇంట్లో వాడుకోవడానికి, గదిలో ప్రతిధ్వని ఉన్నచోట ఒకవైపే వినేలా పెట్టుకోవడానికి 77 అనువైనది. ధర వెయ్యి డాలర్ల నుంచి మొదలై మంచి స్థితిని బట్టి రెండు మూడు వేల దాకా వెళ్తుంది. రంగుల్లో రెండు రకాలు కనిపిస్తాయి. మెరుపు తక్కువున్న క్రోమ్ ఒకటి, టీవీ లైట్ల కింద మెరవకుండా వేసిన బూడిద రంగు ఇంకొకటి. చాలామంది క్రోమ్ కోసం ఎగబడతారు. నాకైతే బూడిద రంగుదే ఇష్టం, అది టీవీ స్టూడియోలో రోజూ పనిచేసిన సామాను అని చూడగానే తెలుస్తుంది.

44 మీద మోజు ఉండి అంత పెట్టలేనివాళ్లకు ఆర్‌సీఏ 74-బి అనే చిన్న తమ్ముడు ఉంది, జూనియర్ వెలాసిటీ అనేవారు. చూపుకు 44 పోలికే, చిన్నది, చవక. శబ్దంలో ఆ నిండుదనం ఉండదు. బల్ల మీద పెట్టుకోవడానికి నాకు తెలిసి దీనంత న్యాయమైన బేరం ఆర్‌సీఏ పేరుతో దొరకదు.

బీబీసీ మార్కోని, ఎస్‌టీసీ: మన రేడియోకు దగ్గరి చుట్టాలు

1930ల మొదట్లో బీబీసీకి కూడా రిబ్బన్ మైకు కావాల్సొచ్చింది. అమెరికన్ 44 ధర దానికి మరీ ఎక్కువనిపించింది. మార్కోని కంపెనీతో కలిసి సొంతంగా టైప్-ఎ అనే మైకు తయారు చేసుకుని 1934లో వాడకంలోకి తెచ్చింది. దాన్నే మెరుగుపరుస్తూ వచ్చి, 1940లలో టైకోనల్ అనే బలమైన అయస్కాంతం పెట్టి ఏఎక్స్‌బీటీ అన్నారు. చివర ఉన్న టీ ఆ అయస్కాంతానిదే. ఆరు మూలల డబ్బా, చుట్టూ రంధ్రాల రేకు. బ్రిటన్‌లో ఇప్పటికీ రేడియో బొమ్మ గీయమంటే చాలామంది గీసేది ఇదే.

తెలుగువాళ్లకు ఈ బ్రిటిష్ వరుస మీద ఆసక్తి ఉండడానికి నిజమైన కారణం ఉంది. ఆల్ ఇండియా రేడియోను కట్టడానికి 1935లో లయనెల్ ఫీల్డెన్ వచ్చింది బీబీసీ నుంచే. మరుసటి ఏడాది ఆ పేరు ఖాయమైంది, 1938 జూన్‌లో మద్రాసు కేంద్రం మొదలై తెలుగు మాట కూడా గాలిలోకి ఎక్కింది. విజయవాడ కేంద్రం 1948 డిసెంబర్ 1న వచ్చింది. స్టూడియో ఎలా ఉండాలి, వార్తలు ఎలా చదవాలి అన్న అలవాట్లు చాలావరకు ఆ బాటలోనే వచ్చాయి. పాత ఆకాశవాణి ఫోటోలు దొరికితే చదివే మనిషి ముందున్న మైకును పెద్దది చేసి చూడండి. అందులో గుర్తుపట్టిన మైకునే వెతికి కొనడం అమెరికన్ సినిమాలో చూసినది కొనడం కంటే ఎంతో అర్థవంతమైన సేకరణ.

ఏఎక్స్‌బీటీ తక్కువగా అమ్మకానికి వస్తుంది, వచ్చినా ధర గట్టిగానే ఉంటుంది. బీబీసీ గానీ మరే ప్రభుత్వ రేడియో గానీ ఆస్తి ముద్ర వేసిన మైకు కొనేటప్పుడు అది వేలంలో గానీ తీసివేతలో గానీ బయటికొచ్చినట్టు కాగితం అడగండి. నిజాయితీగా కొన్న మనిషి దగ్గర ఏదో ఒక ఆధారం ఉంటుంది.

శబ్దం మాత్రమే కావాలనుకునేవాళ్లకు ఈ వరుసలోనే అదృష్టం దాగి ఉంది. 1950ల మొదట్లో బీబీసీ ఇంజినీర్లు రూపొందించిన 4038 రిబ్బన్ మైకును మొదట ఎస్‌టీసీ అనే బ్రిటిష్ కంపెనీ తయారుచేసింది. తర్వాత కోల్స్ కంపెనీ తీసుకుని అదే మైకును కొత్తగా తయారుచేస్తూ వచ్చింది. అంటే దుకాణంలో డబ్బా విప్పి, వారంటీతో ఆ కాలపు రూపకల్పనను కొనుక్కోవచ్చు. గొంతు రికార్డింగే మీ పని అయితే చిరిగిన రేకున్న పాత 44 కంటే కొత్త 4038 వంద రెట్లు నయం. సేకరణ ఆనందం మాత్రం అది ఇవ్వదు. అలాగే అమెరికాలో ఏఈఏ కంపెనీ 44 పోలికలోనే ఆర్44 చేస్తోంది, ధర పాత 44తో పోటీ పడుతుంది.

బ్రిటన్‌లో ఉన్న తెలుగువాళ్లు తక్కువ డబ్బుతో రిబ్బన్ మొదలుపెట్టాలంటే రెస్లో మైకులు చూడండి. లివర్‌పూల్ కేవర్న్ క్లబ్బులో బీటిల్స్ పాడింది వాటిలోనే.

మన దగ్గర దొరికేవి

ఇండియాలో వెతికితే ఆర్‌సీఏ దొరకడం అరుదు. దొరికేవి సభల మైకులు. మోట్వానే కుటుంబపు షికాగో రేడియో కంపెనీ పేరు పలక గాంధీ, నెహ్రూల ముందున్న మైకుల మీద ఎన్నో ఫోటోల్లో కనిపిస్తుంది. పేరులో షికాగో ఉన్నా అది మన దేశపు కంపెనీ, కాంగ్రెస్ సభలకు లౌడ్‌స్పీకర్లు ఏర్పాటు చేసింది వాళ్లే. స్వాతంత్ర్యోద్యమ చరిత్ర మీద మమకారం ఉన్నవాళ్లకు షూర్ కంటే ముందు వెతకాల్సింది ఈ పలక ఉన్న మైకు. 1940 నుంచి ఉన్న అహూజా కంపెనీ పాత మైకులు, ఫిలిప్స్ మైకులు ఊళ్లలో మైక్‌సెట్ అద్దెకిచ్చే పాత దుకాణాల్లో అటకల మీద ఇప్పటికీ ఉన్నాయి. పెళ్లిళ్లకూ జాతరలకూ హరికథలకూ తిరిగి తిరిగి సొట్టలు పడ్డవి. హైదరాబాద్ జుమ్మెరాత్ బజార్‌లో గురువారం పొద్దున్నే వెళ్తే అప్పుడప్పుడూ ఏదో ఒకటి కంటపడుతుంది. కానీ మైక్‌సెట్ దుకాణం పెద్దాయన దగ్గర కూర్చుని, ఆ మైకు ఏ సభల్లో పనిచేసిందో కనుక్కుని, రాసుకుని కొనండి. ఆ రాత లేని అహూజా మైకు పాత ఇనుము, ఆ రాత ఉన్నది మన ఊరి చరిత్ర.

క్రిస్టల్ మైకుల్లో అస్టాటిక్ డి-104ను హామ్ మిత్రులు ఎక్కువ ఇష్టపడతారు. 1933 నుంచి వచ్చిన గుండ్రటి తల మైకు, అందంగా ఉంటుంది. కోస్తా తేమలో కొంటున్నారంటే లోపలి స్ఫటికం పోయిందనే లెక్కతోనే ధర కట్టండి.

నకిలీలు, అతికింపులు

మైకు పైన ఎన్‌బీసీ, సీబీఎస్ అని అమెరికన్ రేడియో సంస్థల అక్షరాలున్న లోహపు పలకలు చూడగానే ధర రెట్టింపు అడుగుతారు. ఆ పలకలు ఇప్పుడు కొత్తగా తయారై విడిగా అమ్ముడవుతున్నాయి. పలక వెనక మరకలు, స్క్రూ రంధ్రాల చుట్టూ అరుగుదల, మైకు మీద పలక తాకిన చోట గీతలు, ఇవి మూడూ ఒకదానితో ఒకటి సరిపోవాలి. సరిపోకపోతే పలకకు ఒక్క డాలరు కూడా అదనంగా ఇవ్వకండి. షికాగో రేడియో పలకకూ ఇదే సూత్రం.

55 ఆకారంలో చవక మైకులు చాలా వస్తున్నాయి. అలంకారానికి పర్వాలేదు. చేతిలో పట్టుకుంటే తేలిక తెలిసిపోతుంది, కంపెనీ పేరు పోతలో కాకుండా స్టిక్కరుగా ఉంటుంది.

ఇంకో మోసం మరింత నాజూకైనది. పాత 77 డబ్బాలో కొత్త డైనమిక్ యూనిట్ పెట్టి "పనిచేస్తుంది" అని అమ్ముతారు. అబద్ధం కాదు, పనిచేస్తుంది. కానీ అది 77 కాదు. అందుకే "పనిచేస్తుందా" అని అడగకండి, "లోపల అసలు రిబ్బన్ మోటారూ (రేకూ అయస్కాంతమూ ఉండే భాగం) ట్రాన్స్‌ఫార్మరూ ఉన్నాయా, రేకు ఎప్పుడు, ఎవరు మార్చారు" అని అడిగి, లోపలి ఫోటో తెప్పించుకోండి. రేకు మార్చి ఉంటే తప్పులేదు, అది అరిగిపోయే భాగమే. మంచి చేతిలో మారిందా అన్నదే ముఖ్యం.

కొనేముందు పరీక్ష

డైనమిక్ మైకుకు మల్టీమీటరు పెడితే కొంత రెసిస్టెన్స్ చూపాలి, తెగిపోయినట్టు చూపకూడదు. మీటరు తాకించినప్పుడు చాలాసార్లు టక్కుమని చిన్న శబ్దం కూడా వినిపిస్తుంది.

రిబ్బన్ మైకుకు ఆ పరీక్ష పనికిరాదు. మీటరుకు కనిపించేది ట్రాన్స్‌ఫార్మర్ మాత్రమే, రేకు తెగినా అది బాగానే ఉన్నట్టు చూపుతుంది. నేరుగా రేకుకు మీటరు పెడితే ఉన్న రేకు కూడా పోతుంది. వినడమే పరీక్ష. రిబ్బన్ మైకులు చాలా మెల్లగా మాట్లాడతాయి, శబ్దాన్ని 60 డెసిబెల్స్‌కు పైగా పెంచగల ప్రీయాంప్ (మైకు సంకేతాన్ని పెంచే పరికరం) తీసుకెళ్లండి. మాట వినపడకుండా గుయ్యిమనే హమ్ మాత్రమే వస్తే రేకు తెగింది. మాట వస్తోంది కానీ బొంగురుగా, ఎక్కడో అడుగు నుంచి వస్తున్నట్టు ఉంటే రేకు సాగింది. కొత్త రేకు వేయించే ఖర్చు ధరలోంచి తీసేసి అడగండి. అమెరికాలోనూ బ్రిటన్‌లోనూ ఈ పనికి చేయి తిరిగిన వర్క్‌షాపులున్నాయి, మన దగ్గర వెతుక్కోవాలి. అందుకే విదేశంలో ఉన్న బంధువు ద్వారా కొంటుంటే రేకు పని అక్కడే పూర్తి చేయించి తెప్పించుకోవడం తెలివి.

ఇప్పటి మిక్సర్లలో 48 వోల్టుల ఫాంటమ్ పవర్ బటన్ ఉంటుంది, కండెన్సర్ మైకులకు కేబుల్ గుండానే కరెంటు పంపడానికి. పాత రిబ్బన్ కలిపేముందు అది ఆపి ఉందో లేదో రెండుసార్లు చూడండి. పాత వైరింగులో చిన్న తేడా ఉన్నా ఆ కరెంటు రేకును లాగి పడేస్తుంది.

తెచ్చుకోవడం, దాచుకోవడం

అమెరికాలో ఉన్నవాళ్లకు మే నెలలో ఒహాయోలోని జీనియాలో జరిగే డేటన్ హామ్‌వెన్షన్ మంచి చోటు. అక్కడి ఫ్లీ మార్కెట్టులో చేత్తో పట్టుకుని, అమ్మేవాడితో మాట్లాడి కొనవచ్చు. ఆన్‌లైన్‌లో కొని ఇండియాకు తెప్పిస్తే రవాణా ఖర్చు, కస్టమ్స్ సుంకం, జీఎస్టీ కలిపి లెక్క వేసుకోండి. చవకగా కనిపించిన 55ఎస్ చేతికొచ్చేసరికి అంత చవకగా ఉండకపోవచ్చు.

రిబ్బన్ మైకును ఎప్పుడూ నిలువుగానే ఉంచాలి. పడుకోబెడితే రేకు తన బరువుకే మెల్లగా కుంగుతుంది. ప్రయాణంలో ప్లాస్టిక్ సంచిలో మూతి కట్టి, నిలువుగా, చుట్టూ మెత్త పెట్టి ప్యాక్ చేయించండి. విమానంలో చేతి సంచిలో తెస్తే ఇంకా మంచిది, కొన్నప్పటి రసీదు, పాత ఫోటో ఒకటి దగ్గర ఉంచుకుంటే సెక్యూరిటీ దగ్గర వివరించడం తేలిక. ఇంట్లో ఇనుప రజను ఉండే చోటికి, అంటే టూల్స్ బల్ల దగ్గరికి చేర్చకండి. అయస్కాంతం ఆ రజనును లోపలికి లాక్కుంటుంది, అది రేకుకూ అంచుకూ మధ్య చిక్కితే గరగర మొదలవుతుంది. షోకేసులో సిలికా జెల్ పొట్లాలు పెట్టి వానాకాలంలో మారుస్తూ ఉండండి. మైకు మీద పలుచని నూలుగుడ్డ సంచి తొడిగి ఉంచితే దుమ్ము ఆగుతుంది, తీసేటప్పుడు మాత్రం విసురుగా లాగకండి, ఆ గాలి కూడా రేకు మీదే పడుతుంది.